విక్టోరియా పబ్లిక్ హాలు విజయనగరం రాజావారు కట్టించినదేనా?

ప్రశ్న:
చెన్నై సెంట్రల్ స్టేషనుకు దగ్గర్లో, రిప్పన్ బిల్డింగు పక్కనే ఉన్న ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలును, మరమ్మతులు పూర్తయ్యాక, ఈ మధ్యే తీరిగ్గా చూశాను. ఏళ్ల తరబడి మూతబడి ఉన్న ఆ మేడను విజయనగరం రాజావారే కట్టించారని మా నాన్నగారు చెబుతుండేవారు. అది నిజమేనా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. గురజాడను ఆదరించిన ఆనంద గజపతిరాజు గారే 1883 డిసెంబరులో ఆ హాలుకు శంకుస్థాపన చేశారు. అయితే అది ఒక్కరి సొమ్ముతో లేచిన కట్టడం కాదు. సభలకూ నాటకాలకూ పట్నంలో సరైన చోటు లేదని పచ్చయప్ప హాలులో సమావేశమైన పెద్దలు చందాలు పోగుచేయగా, రాబర్ట్ చిషోం నమూనా గీశారు, నంబెరుమాళ్ చెట్టి కట్టారు. విక్టోరియా రాణి పాలనకు 1887లో 50 ఏళ్లు నిండిన సందర్భాన్ని బట్టి ఆమె పేరు పెట్టారు.

సమాధానం 2:
శంకుస్థాపన కన్నా ఆ వేదిక మీద జరిగిన ఒక సంగతి నాకు పెద్దదిగా తోస్తుంది. 1891లో బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు తమ సరస వినోదిని సభ నటులతో మద్రాసు వచ్చి, అక్కడ తెలుగు నాటకాలు ఆడారు. చూసినవారిలో పమ్మల్ సంబంద మొదలియారు అనే 18 ఏళ్ల యువకుడున్నాడు. అంతవరకు తమిళ నాటకమంటే చిన్నచూపు ఉన్న ఆయన, చదువుకున్నవారు, ఉద్యోగస్థులు ముఖానికి రంగు పూసుకుని గౌరవంగా నటించడం చూసి, ఆ జూలైలోనే మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. ఆ సభ ఎన్నో ఏళ్లు ఈ హాలులోనే నాటకాలు ప్రదర్శించింది. తమిళ ఔత్సాహిక నాటకరంగానికి మన బళ్లారి వాళ్లు ఇలా ప్రేరణ అయ్యారన్న సంగతి మనలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సమాధానం 3:
మరమ్మతుల గురించి ఒక మాట. మాది మేస్త్రీల కుటుంబం. గానుగ సున్నంతో కట్టిన ఇటువంటి గోడకు సిమెంటు పూస్తే, లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పోసి సున్నాన్ని ఇసుకతో మెత్తగా నూరే పాత పద్ధతినే మా తాతగారు ఎన్నడూ వదల్లేదు. మీరు మళ్లీ వెళ్లినప్పుడు ఇటుకల మధ్య సందులను దగ్గరగా చూడండి. సున్నమైతే పాలిపోయిన తెలుపుగా ఉంటుంది, సిమెంటైతే బూడిద రంగులో కనిపిస్తుంది.