బి మీద కాలిస్తే సి చనిపోయాడు: హత్య సెక్షన్ 103 పడుతుందా, 106తో సరిపోతుందా?

లా ఫైనలియర్:
పొలం గట్టు తగాదా. ఎ నాటు తుపాకీతో బి ఛాతీకి గురిపెట్టి కాల్చాడు. బి కిందికి వంగాడు. వెనక టీ బడ్డీ దగ్గరున్న సి కి తగిలి అక్కడికక్కడే పోయాడు. సి ఎవరో కూడా ఎ కి తెలీదు. మా బ్యాచ్‌లో సగంమంది "సి ని చంపే ఉద్దేశం లేదు కాబట్టి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 106, నిర్లక్ష్యం వల్ల మరణం" అంటున్నారు. మిగతావాళ్లు 105, అంటే హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య అంటున్నారు. ఏది కరెక్టు? బి కి గీత కూడా పడలేదు కాబట్టి అతని విషయంలో కేసే లేదా?

సెషన్స్ సైడ్:
రెండూ కాదు. 103(1), దానికి 102 కలిపి చదవాలి. పాత ఐపీసీ 301 నే ఇప్పుడు బీఎన్ఎస్ 102. ఒకరిని చంపబోయి ఇంకొకరిని చంపితే, అనుకున్న మనిషే చనిపోయి ఉంటే ఏ నేరమయ్యేదో ఇదీ అదే నేరం. అందుకే ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు సి ని కాసేపు పక్కన పెట్టండి. ఆ గుండుకి బి చచ్చిపోయి ఉంటే హత్యేనా? హత్యే. అయితే సి ది కూడా హత్యే. "సి మీద ఉద్దేశం లేదు" అన్న వాదనకి జవాబుగానే ఆ సెక్షన్ రాశారు.

106 ఎందుకు రాదంటే, అది నేరపూరిత నరహత్య కాని చావులకి మాత్రమే. తుపాకీ ఛాతీకి పెట్టి మీట నొక్కడాన్ని నిర్లక్ష్యం అనడం కొంచెం విడ్డూరం.

బి సంగతి వేరే అభియోగం: 109, హత్యాయత్నం. దెబ్బ తగలకపోయినా పదేళ్ల దాకా జైలు, జరిమానా. రెండు చార్జీలూ విడివిడిగా ఫ్రేమ్ చేయించాలి. ఎఫ్ఐఆర్‌లో చనిపోయినవాడి గురించే రాసేసి, బి ని ఉత్త సాక్షిగా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు "ఎవరిని చంపబోయాడు" అన్న అసలు అంశమే రికార్డులోకి రాదు, 102 కి ఆధారం పోతుంది. అభియోగంలో 102 అంకె రాయకపోవడం మాత్రం అంత ప్రమాదం కాదు. అది శిక్ష వేసే సెక్షన్ కాదు, ముద్దాయి తప్పుదారి పట్టి నష్టపోతే తప్ప కేసు పడిపోదు.

చదవాల్సిన తీర్పు మన తెలుగువాళ్లదే: ముష్నూరి సూర్యనారాయణమూర్తి కేసు, మద్రాసు హైకోర్టు, 1912. ఇన్సూరెన్స్ డబ్బు కోసం ఒకతనికి విషం కలిపిన హల్వా పెట్టాడు. అతను కొంచెం తిని మిగతాది పారేస్తే, ఒక చిన్నపిల్ల తీసుకుని తిని చనిపోయింది. మెజారిటీ హత్యే అంది. జస్టిస్ సుందర అయ్యర్ ఒప్పుకోలేదు. మధ్యలో వేరేవాళ్ల చేతలు వచ్చాయి కాబట్టి చావుకి కారణం ముద్దాయి కాదన్నారు. తుపాకీ కేసుల్లో ఆ బలహీనత ఉండదు, మీటకీ శవానికీ మధ్య ఇంకో మనిషి చెయ్యి లేదు. కాల్పుల మీదే కావాలంటే రాజ్‌బీర్ సింగ్, సుప్రీంకోర్టు, 2006. అటుగా వచ్చిన అమ్మాయి చనిపోతే, ఆమెని చంపే ఉద్దేశం లేదన్న హైకోర్టు తర్కాన్ని 301 చూపించి కొట్టేశారు.

ఘటనాస్థలి:
దర్యాప్తు వైపు నుంచి. ఇలాంటి కేసు నిలబడేది స్కెచ్ మీద. ఎ, బి, సి ఒకే వరసలో ఉన్నారని చూపించలేకపోతే "గాల్లోకి కాల్చాను, ఏదో తగిలింది" అనేస్తారు. స్కెచ్‌లో ముగ్గురి మధ్య దూరాలు, బడ్డీ నేల ఎత్తు, గుండు తగిలిన చోటు ఎత్తు ఉండాలి. శవంలోంచి తీసిన గుళ్లు పోస్ట్‌మార్టం దగ్గరే సీలు కావాలి.

నాటు తుపాకీతో ఇంకో చిక్కు. గొట్టం లోపల మెలి గాడులు ఉండవు కాబట్టి, ఈ గుండు ఈ తుపాకీదే అని గీతలు కలిపి చెప్పడం కుదరదు. గొట్టం మూతిలోంచి మందు కూరే రకమైతే ఖాళీ తూటా కూడా మిగలదు. అప్పుడు గుళ్ల సైజు, మందు అవశేషాలు, ప్రత్యక్ష సాక్షులు, అంతే. గుండు రాయికి తగిలి పక్కకి మళ్లి సి కి తగిలినా 102 మారదు. మారేది సాక్ష్యం కష్టం మాత్రమే.

లా ఫైనలియర్:
థాంక్స్ సర్. రెండు డౌట్లు. అంతకుముందే బి, ఎ ని అందరి ముందూ చెప్పుతో కొట్టి ఉంటే? ఎ పక్కనే తుపాకీ అందించిన డి ఉంటే?

సెషన్స్ సైడ్:
మొదటిది: తీవ్రమైన ఆకస్మిక కవ్వింపు నిజంగా రుజువైతే, ఆ మినహాయింపు కూడా సి చావుకి వర్తిస్తుంది. హత్య అంటే ఏమిటో చెప్పే 101 మొదటి మినహాయింపులోనే, పొరపాటునో ప్రమాదవశాత్తో వేరే వ్యక్తి చనిపోయినా అని ఉంది. కింద ఉదాహరణ కూడా పిస్టల్‌దే: కవ్వించినవాడి మీద కాలిస్తే, దగ్గర్లోనే కనబడకుండా ఉన్న వేరే మనిషి చనిపోతాడు. అది హత్య కాదు, నేరపూరిత నరహత్య. అప్పుడు 105. కానీ కోపంతో కావాలనే బి కొడుకుని కాలిస్తే హత్యే, అక్కడ పొరపాటు లేదు. చెప్పుదెబ్బ తిని ఇంటికెళ్లి తుపాకీ తెచ్చుకుంటే "ఆకస్మిక" అన్నది నిలవడం కష్టం.

రెండోది: శంకర్‌లాల్ కచరాభాయ్, సుప్రీంకోర్టు, 1965. ఒకరిని చంపాలని కలిసి వెళ్లి, అతనే అనుకుని ఇంకొకర్ని కాల్చారు. ఉమ్మడి ఉద్దేశంలో భాగమే అన్నారు, ఇప్పటి 3(5). సందట్లో ఎ తన సొంత కక్షతో వేరేవాణ్ణి చంపితే మాత్రం డి కి చుట్టుకోదు. మీ కేసులో డి కి 103, 3(5).

ఘటనాస్థలి:
ఒక చేర్పు. బడ్డీ చుట్టూ జనం గుమిగూడి ఉండగా, వాళ్లు కనబడుతూనే కాలిస్తే 102 దాకా వెళ్లక్కర్లేదు. గుంపు మీదకి ఫిరంగి పేల్చిన ఉదాహరణ 101 లోనే ఉంది, ఫలానా మనిషిని చంపాలన్న పథకం లేకపోయినా హత్యే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే గొడవని దీంతో కలపకండి. ఎవరికీ ఏమీ కాకపోయినా ఆయుధాల చట్టం 25(9) కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. 2019 సవరణలో వచ్చింది. ఎవరైనా చనిపోతే అప్పుడు 105 నా, 106 నా అన్నది, కాల్చేవాడికి ప్రమాదం ఎంత తెలుసన్న దాన్నిబట్టి తేలుతుంది.