గర్భిణి ఫైలు: ప్రతి కాగితమూ మోయాలా, ఒక్క పేజీ చాలదా?

ఏడోనెల
ఫైలు లావెక్కిపోయింది. మా ఆయన అన్నీ ఫొటోలు తీసి ఫోన్లో పెట్టి, ముఖ్యమైనవి ఒక పేజీలో టైప్ చేసి ఇచ్చారు. ఆ కట్టంతా ఇంట్లో పడెయ్ అంటారు. అమ్మేమో ఒక్క కాగితం కూడా వదలకు అంటోంది. మీరేమంటారు?

ఒకేపేజీ
మీ ఆయన వైపే నేను. అర్ధరాత్రి నొప్పులొచ్చి వెళ్తే డ్యూటీ డాక్టరు మిమ్మల్ని అంతకుముందు చూసి ఉండకపోవచ్చు. వాళ్లు అడిగేవి బ్లడ్ గ్రూపు, డెలివరీ తేదీ, పడని మందులు, వాడుతున్న మందులు, బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు. అంతే. నలభై కాగితాలు తిరగేసే తీరిక ఎవరికుంది? నార్మల్ అని వచ్చిన మూత్ర పరీక్షలన్నీ మోసుకెళ్లి ఏం చేస్తారు?

పాతవార్డు
లేబర్ రూమ్‌లో చాలాకాలం నర్సుగా చేశాను. పేజీ ఉండాలి, కాదనను. కానీ అది అసలు కాగితాలకు దారి చూపేది మాత్రమే.

ముందు డెలివరీ తేదీ. మొదటి మూడు నెలల స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచి ఇచ్చే తేదీ మహా అయితే ఓ వారం అటూ ఇటూ అవుతుంది. చివరి నెలల స్కాన్ ఇచ్చే తేదీకి మూడు వారాల తేడా కూడా రావచ్చు. ఇంట్లోవాళ్లు తాజా రిపోర్టు చూసి తాజా తేదీ టైప్ చేస్తారు. బిడ్డ ఎదగక చిన్నగా ఉంటే, స్కాన్ ఆ సైజును బట్టి వారాలు తక్కువ లెక్కేసి ఆలస్యపు తేదీ ఇస్తుంది; ఆ కొత్త తేదీ ప్రకారం అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది! అందుకే మొదటి స్కాన్ రిపోర్టు చేతిలో ఉండాలి.

నెగటివ్ గ్రూపు వాళ్లకి ఇంకోటి. బిడ్డది పాజిటివ్ రక్తమైతే దానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు. అది వేశాక, ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష చేస్తే, ఇంజెక్షన్ వల్లే పాజిటివ్ రావచ్చు. వేసిన తేదీ రాసున్న చీటీ లేకపోతే అందరికీ టెన్షనే.

ముందు సిజేరియన్ అయినవాళ్లు ఆపరేషన్ నోట్స్ తేవాలి. చర్మం మీద కుట్టు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కోత కూడా అడ్డమేనని చెప్పలేం. ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా లేదా అన్నది చాలావరకు ఆ లోపలి కోతను బట్టే ఉంటుంది.

ఒకేపేజీ
ఒప్పుకుంటానండీ. కానీ మీరు చెప్పినవి మూడు కాగితాలు. నలభై కాదు.

ల్యాబ్‌బల్ల
ఆ నార్మల్ కాగితాలను అంత తేలిగ్గా తీసేయకండి. హిమోగ్లోబిన్ ఒకసారి 12.4, తర్వాత 11.6, ఇప్పుడు 10.3 అనుకోండి. చివరి అంకె ఒక్కటే రాస్తే పడిపోతున్న సంగతి తెలియదు. బీపీ కూడా అంతే. మొదట్లో 100/60 ఉన్న మనిషికి ఇప్పుడు 136/88 వస్తే, 140/90 దాటలేదు కదా అని డాక్టరు ఊరుకోరు. పేజీలోనే తేదీలు వేసి వరసగా రాస్తే మీ ఇద్దరి మాటా చెల్లుతుంది.

అన్నట్టు, స్కాన్ బొమ్మలు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా అయిపోతుంది. ఫొటో తీసుకుని కవర్లో పెట్టండి చాలు.

గుట్టు
అసలు ఆ పేజీ ఎవరు రాస్తున్నారు? పాత అబార్షన్, హెచ్‌ఐవీ రిపోర్టు, డిప్రెషన్ మందులు... ఇవి డాక్టరుకి తెలియాలి గానీ ఫైలు పట్టుకునే ప్రతివాళ్లకీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సూచనల్లో కూడా గర్భిణి తన రికార్డు తన దగ్గరే ఉంచుకోవాలని ఉంది. భర్త దగ్గర అనలేదు. ఫోన్లో పెట్టినా అది మీ ఫోనే కావాలి, లేకపోతే ఆయన ఊళ్లో లేని రోజు ఏం చేస్తారు?

ఏడోనెల
ఇప్పుడే చూశాను. పేజీలో ఉన్నది చివరి స్కాన్ తేదీయే, మొదటిదానికి పది రోజులు తేడా. దిద్దించాను. నాకు మొదటిది సిజేరియనే, కానీ ఆ కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. ఇప్పుడెలా అక్కా?

పాతవార్డు
ఆపరేషన్ అయిన ఆసుపత్రిలో రికార్డుల విభాగానికి అర్జీ పెట్టమ్మా. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపేస్తారు, ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అని విడిగా రాయి. వెతకడానికి టైం పడుతుంది, ఈ వారమే వెళ్లు.