ఏడాది బాబుకి ఊపిరి నిమిషానికి 46... అమాక్సిసిలిన్ మొదలుపెట్టాలా?

ఏజెన్సీ సిస్టర్:
అందరికీ నమస్తే. పాడేరు వైపు ఒక సబ్ సెంటర్లో ఎంఎల్‌హెచ్‌పీగా (సబ్ సెంటర్లో వైద్యం చూసే నర్సు ఉద్యోగం) కొత్తగా చేరాను. పొద్దున ఒక బాబుని తీసుకొచ్చారు. రెండు రోజులుగా దగ్గు, ముక్కు కారడం, జ్వరం 100.4. వయసెంత అంటే ఏడాది అన్నారు. ఏడుస్తున్నప్పుడు లెక్కపెడితే ఊపిరి 58 వచ్చింది, పాలు తాగి శాంతించాక పూర్తి నిమిషం చూస్తే 46. డొక్కలు ఎగరేయడం లేదు, పాలు బాగానే తాగుతున్నాడు, వాంతులు లేవు, ఫిట్స్ రాలేదు, హుషారుగానే ఉన్నాడు. కానీ ఛాతీ మీద చెయ్యి పెడితే గరగరమంటోంది, వాళ్ళ నాయనమ్మ అది చూపించి సూది వేస్తేనే తగ్గుతుందని ఒకటే పట్టు. ఇల్లు దగ్గరే కాబట్టి సాయంత్రం మళ్ళీ తెమ్మన్నాను. ఊరికే యాంటీబయాటిక్ ఇవ్వడం నాకిష్టం లేదు, ఇవ్వకపోతే రాత్రికి ఏమవుతుందో అని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

పాత ఏఎన్ఎం:
చెల్లెమ్మా, ముందు తల్లీబిడ్డ కార్డు తీసి పుట్టిన తేదీ చూడు. మన ఊళ్ళల్లో పది నెలల వాడినీ ఏడాది అంటారు, ఏడాదిన్నర వాడినీ ఏడాదే అంటారు. ఐఎంఎన్‌సీఐ చార్టులో (చిన్నపిల్లల జబ్బులు చూడటానికి మనకిచ్చిన మార్గదర్శకం) 2 నెలల నుంచి 12 నెలలు నిండే వరకు 50 గానీ ఆపైన గానీ వస్తేనే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. 12 నెలలు నిండాక, 5 ఏళ్ళ లోపు వాళ్ళకి 40 వచ్చినా వేగమే. అంటే నువ్వు చెప్పిన 46 పదకొండు నెలల వాడికైతే మామూలు జలుబు, పదమూడు నెలల వాడికైతే న్యుమోనియా, అప్పుడు బరువు చూసి అమాక్సిసిలిన్ రోజుకి రెండుసార్లు, 5 రోజులు ఇవ్వాల్సిందే.

58 సంగతి వదిలెయ్, ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టింది లెక్కలోకి రాదు. గరగర కూడా అంతే, ముక్కులో గొంతులో ఉన్న కఫం శబ్దం చిన్నపిల్లల్లో ఛాతీ దాకా చేతికి తెలుస్తుంది, దాన్ని చూసి మందు రాయకూడదు.

పిల్లల వార్డు నర్స్:
అక్క చెప్పింది కరెక్ట్. ఏజెన్సీ అంటున్నారు కాబట్టి ఒకటి కలుపుతాను, జ్వరం ఉంటే జలుబు కనిపిస్తున్నా సరే మలేరియా ర్యాపిడ్ టెస్ట్ చేయండి, రెండూ కలిసి ఉండొచ్చు. చొక్కా పూర్తిగా పైకెత్తి ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతోందా అని చూడండి, మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లల్లో చాలామందిని బట్టల మీదే చూసి పంపేసి ఉంటారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆక్సిమీటర్ ఉంటే పిల్లల ప్రోబే వాడండి, పెద్దవాళ్ళ వేలికి పెట్టేది ఇంత చిన్న వేలికి సరిగ్గా చూపించదు. ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువైతే వెంటనే పెద్దాసుపత్రికి పంపించాలి.

2 నెలల లోపు బిడ్డ విషయం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ వేగానికి హద్దు నిమిషానికి 60, ఒకసారి వస్తే రెండోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి. పాలు మానేసినా, ఒళ్ళు చల్లబడినా కూడా ప్రమాదమే, జ్వరం లేదు కదా అని ఆగొద్దు.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను నర్సుని కాదు, తల్లిగా చెప్తున్నా. మందు ఇవ్వలేదని కాదు మాకు భయం, ఇంటికెళ్ళాక ఏం చూడాలో తెలియకనే. అది చెప్పి పంపితే నాయనమ్మ కూడా వింటుంది. మరి దగ్గు సిరప్ అయినా పోయొచ్చా?

పాత ఏఎన్ఎం:
వద్దమ్మా. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక 2025 అక్టోబరులో కేంద్రం కూడా చెప్పింది, రెండేళ్ళ లోపు వాళ్ళకి దగ్గు జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని. ఏడాది నిండకపోతే తేనె కూడా వద్దు. పాలు ఎక్కువసార్లు పట్టించండి, ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు వేయండి, చాలు.

ఏజెన్సీ సిస్టర్:
అక్కా, కార్డు చూశాను, పదకొండు నెలలే! సాయంత్రం 44 వచ్చింది, మలేరియా నెగెటివ్. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేసినా, ఊపిరి ఇంకా వేగంగా తీస్తున్నా, మగతగా పడి ఉన్నా అర్ధరాత్రైనా తీసుకురమ్మని చెప్పి, వాళ్ళతోనే తిరిగి చెప్పించాను. రేపు ఆశా అక్క ఇంటికెళ్ళి చూస్తుంది. ఇంకో డౌట్, పిల్లికూతలు కూడా ఉండి ఊపిరి వేగంగా ఉంటే అప్పుడూ న్యుమోనియా అనే రాయాలా?

పిల్లల వార్డు నర్స్:
వెంటనే రాయకండి. ముందుగా చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) సాల్బ్యుటమాల్, అంటే ఊపిరి గొట్టాలు వదులయ్యే మందు ఇచ్చి, 15-20 నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. అవసరమైతే మూడుసార్ల వరకు ఇలా చేయొచ్చు. చాలామందికి అక్కడే ఊపిరి నెమ్మదిస్తుంది. అప్పటికీ వేగం తగ్గకపోతే న్యుమోనియా కింద చూడండి. స్పేసర్ మీ సెంటర్లో లేకపోతే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి ఇండెంట్ పెట్టండి, చలికాలం వచ్చేలోపు చేతిలో ఉండాలి.