లెక్క కుదిరేదాకా లేవని మనిషికి కౌన్సెలింగ్ పనిచేస్తదా?

ఎనుమాముల గుమస్తా:
ఎనుమాముల మార్కెట్ల మిర్చి అడ్తిల గుమస్తా పని నాది. లెక్కల పది రూపాయలు తేడా వస్తె రాత్రి పదయినా ఇంటికి పోను. గదే గుణం ఇప్పుడు పానం మీదికొచ్చింది. మా బాపు గుండెపోటుతోని పోయినంక, ఎడమ పక్క జర గుంజితే చాలు, నాడి పట్టి చూసుకునుడే. ఏడాదిల మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో. అన్నీ మంచిగనే ఉన్నయి. గుండె డాక్టరే కౌన్సెలింగ్‌కు పంపిండు.

హన్మకొండల ఆరు సిట్టింగులు అయినయి. భయమైనప్పుడు ఏమనిపించింది, దానికి రుజువేంది, ఇంకేమయి ఉండొచ్చు, ఇవి రాయుమని మేడం నోట్‌బుక్ ఇచ్చింది. నేను దాన్ని చిట్టా పుస్తకం చేసిన. ఎర్ర పెన్ను, నీలం పెన్ను, టైము, నాడి ఎంత కొట్టుకుంది... ఆదివారం కూసొని మొత్తం సరిచూసుకుంట. భయం మాత్రం గట్లనే ఉంది. మా బామ్మర్దికి గిదే భయముండె, నవ్వుకుంట పోయి ఐదు సిట్టింగులల్ల బయటపడ్డడు. నా గుణమే అడ్డమా?

పరకాల అక్క:
తమ్మీ, నాది నీకు ఉల్టా. ఎవరన్న చెప్తె చేసే రకం. మేడం చెప్పిందల్లా చేసిన, జల్దీ నయమైంది. అసలు తిప్పలు సిట్టింగులు బంద్ అయినంక. తలనొస్తె చాలు, "గడ్డ గిట్ల కాదు కదా" అని మా ఆయన్ను అడుగుడు. ఆఖరికి మేడం ఆయన్ను గూడ పిలిచి, జవాబు చెప్పొద్దని నేర్పింది. మూడు దినాలు ఇంట్ల మాటల్లేవు.

మాజీ నర్సు:
అన్నా, నువ్వు నాడి చూసుకునుడే కాయితం మీద చేస్తున్నవు. చూసుకుంటె ఘడియసేపు నిమ్మళం, మళ్ల అనుమానం. నీకు కావాల్సింది ఇంకో రుజువు కాదు, లెక్క కుదరకున్నా లేచి పోవుడు. ఈ మాట మేడంకు చెప్పు. డాక్టరు సరేనంటె పద్మాక్షి గుట్ట మెట్లెక్కు, గుండె దడదడ కొట్టుకోని, చెయ్యి మాత్రం నాడి మీదికి పోనియ్యకు.

ఇంగ్లండ్‌ల 444 మంది ఆసుపత్రి పేషెంట్ల మీద చేసిన పరిశోధన 2014ల డాక్టర్ల పత్రిక ల్యాన్సెట్‌ల వచ్చింది. ఇసొంటి భయానికి ఐదు నుంచి పది సిట్టింగులు. రెండేండ్లకు గూడ ఫాయిదా నిలిచింది. ఆరు దగ్గర ఆగకు. బామ్మర్దితోని పోల్చుకునుడు గూడ సరిచూసుకునుడే, ఇడిసిపెట్టు.

రాత్రిపూట మరీ ఆగమైతె 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడుతరు. గని రోజూ ఈసీజీ అడిగినట్టు అడగకు.

ఎనుమాముల గుమస్తా:
మేడంకు చెప్పిన. నోట్‌బుక్ చూసి నవ్వింది. ఈ వారం మూడే ముక్కలు, తారీకు లేకుండ రాయుమన్నది. తారీకు లేకుండ! నిన్న రాసిన. రాత్రి రెండింటికి లేచి తారీకు ఏసిన. పొద్దుగాల కొట్టేసిన.