పొమ్మనుటే చాలా, పొమ్మనుటే చావా?

పదశోధిని:
యాన్ హ్ర్జెబెయ్క్ దర్శకత్వంలో 2009లో వచ్చిన చెక్ చిత్రం ‘కావాసాకి గులాబీ’ చూసినప్పటి నుంచి వేమన పద్యంలోని ఒక మాట నన్ను వదలడం లేదు. కమ్యూనిస్టు పాలనలో నిజాయితీగా నిలబడినవాడని పేరున్న మనోవైద్యుడు పావెల్ యోసెక్‌కు ప్రభుత్వ గౌరవం దక్కబోతున్న తరుణంలో, అతడు ఒకప్పుడు రహస్య పోలీసులకు సహకరించాడనీ, బొర్జెక్ అనే శిల్పి దేశం విడిచి స్వీడన్ చేరడానికి ఆ సహకారం ఒక కారణమనీ బయటపడుతుంది. ఆ బొర్జెక్ యోసెక్ భార్యకు పూర్వ ప్రియుడు, ఆమె కూతురికి కన్నతండ్రి. ఇన్నేళ్ళ తరువాత అతడిలో పగ కనబడకపోవడం చూసి ‘పొసగ మేలు చేసి పొమ్మనుటే’ అని అనుకున్నాను, అక్కడే ఆగిపోయాను. ఆ తరువాతి మాట ‘చాలు’ అని బడిలో చదివాను, ‘చావు’ అని పెద్దల నోట విన్నాను. ఈ రెండు పాఠాలలో, అంటే పద్యరూపాలలో, ఏది సరైనది?

కడప మాస్టారు:
‘చాలు’ అన్నదే సరైనది. ‘చంపదగినయట్టి శత్రువు తనచేత చిక్కెనేని కీడు చేయరాదు’ అని కచ్చితంగా నిషేధించిన కవి, మరుసటి పాదంలోనే శత్రువుకు చావు కోరుకుంటే తన మాటను తానే కాదన్నట్టు అవుతుంది. చావును మించిన కీడు ఏముంటుంది?

గోదారి గట్టు:
మాస్టారూ, మీ తర్కం కాదనను గానీ ముందు ఛందస్సు సంగతి చూడాలి. మూడో పాదంలో పొసగ, మేలు, చేసి అని మూడు సూర్యగణాలు పోగా ‘పొమ్మను’ భగణం, ‘టే చాలు’ తగణం. ‘టే చావు’ అన్నా తగణమే. యతి పొకారంతోనే తీరిపోయింది. కాబట్టి లుకారమా, వుకారమా అన్నది గణాలు తేల్చే విషయం కాదు. అయితే చాలామంది ‘పొమ్మనుటె చాలు’ అని హ్రస్వంతో రాస్తున్నారు. అలా రాస్తే అక్కడ జగణం పడుతుంది, ఆటవెలదిలో దానికి చోటు లేదు. దీర్ఘం తప్పనిసరి.

పాఠాంతర ప్రియ:
నా మట్టుకు ‘చావు’ పాఠమే వేమన గొంతుకు దగ్గర. ‘చంపదగిన’ అని మొదలుపెట్టి, చంపవద్దని చెప్పి, చివరకు చంపడం అంటే ఏమిటో కొత్తగా చెప్పడం ఆయన పద్ధతి. ‘చాలు’ అంటే పద్యం చల్లబడిపోతుంది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ఈ పద్యాలు ఎన్నో నోళ్ళలో, ఎన్నో తాటాకులలో నలిగాయి. వినడానికి మెత్తగా ఉండాలని ఎవరో ‘చావు’ను ‘చాలు’గా మార్చి ఉంటారని నా ఊహ. బడిపిల్లల చేత చావు అనిపించడం ఎందుకని కూడా అనుకుని ఉండవచ్చు.

కడప మాస్టారు:
ఊహకు ఊహే జవాబు. ‘చాలు’ను మరింత పదును పెట్టాలనే ఉత్సాహంతో ఎవరో ‘చావు’ చేసి ఉండవచ్చు కదా.

భాగవత పాఠకుడు:
ఇద్దరూ పోతనను మరచిపోయారు. ఉపపాండవులను నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు ద్రౌపది ‘అకటా నీ చేతులెట్లాడెనో’ అని అడుగుతుంది, అడిగి, విడిచిపెట్టమంటుంది. నేరం ఎంతటిదో పేరు పేరునా చెప్పిన తరువాత విడిపించడం అక్కడి గొప్పతనం. ఆ పద్యంలో పిన్నపాపలు అన్న మాట దగ్గర గొంతు పూడుకుపోని పాఠకుడు ఉండడు. తరువాత ‘చంపదగిన కర్మంబు’ చేసినా విప్రుణ్ణి చంపదగదని, ధనం తీసుకోవడమో, తల గొరగడమో, ఇల్లు వెడలగొట్టడమో చేయాలని పోతన ఆటవెలదిలోనే చెప్పాడు. సంస్కృత మూలం ఇంకా స్పష్టంగా, అటువంటి విప్రుడికి అదే వధ, వేరే దేహవధ లేదంటుంది. వెళ్ళగొట్టడమే వధ అన్న భావన మన సాహిత్యంలో ముందునుంచీ ఉన్నప్పుడు ‘పొమ్మనుటే చావు’ అనడంలో వింత లేదు. ‘చంపదగిన’ అన్న ఎత్తుగడ కూడా రెండుచోట్లా ఉన్నది.

గోదారి గట్టు:
పోలిక బాగుంది, కానీ అశ్వత్థామకు ఎవరూ మేలు చేసి పంపలేదు, శిరోమణి ఊడబెరికి పంపారు. వేమన చెప్పినది దానికి పూర్తిగా తలకిందులు.

పదశోధిని:
భాగవత పాఠకుడు గారి మాట ఈ చిత్రానికి మరోవైపు నుంచి తగులుతున్నది. 1977 జనవరిలో మానవహక్కులను గౌరవించాలని ప్రభుత్వాన్ని కోరిన చార్టర్ 77 ప్రకటన వెలువడిన తరువాత, దానిపై సంతకం చేసినవారిని వేధించి, ఇక ఇక్కడ బతకలేమనిపించి దేశం దాటించడానికి చెకోస్లోవేకియా రహస్య పోలీసులు ఒక పథకాన్నే నడిపారు. దాని పేరు ‘అసనాత్సే’, అంటే పారిశుద్ధ్యం. చంపలేదు, పొమ్మన్నారు. భాష, ఊరు, స్నేహితులు పోయిన కళాకారుడికి అది చావు కాక మరేమిటి? ‘పొమ్మనుటే చావు’ అన్న మాట బొర్జెక్‌కు ఒక శిక్షగా ముందే అమలైపోయింది. అదే మనిషి ఇప్పుడు యోసెక్ పట్ల ఏ పాఠాన్ని పాటిస్తున్నాడన్నదే నా సందేహం.

కడప మాస్టారు:
‘చాలు’ పాఠాన్నే పాటిస్తున్నాడు. అతడిలో ఎదుటివాణ్ణి కుంగదీయాలన్న కోరిక లేదు. క్షమ ఆయుధమైతే అది క్షమ కాదు.

పాఠాంతర ప్రియ:
ఇచ్చేవాడి మనసులో ‘చాలు’ ఉండవచ్చు, పుచ్చుకునేవాడికి మాత్రం అది చావే. యోసెక్ గౌరవాన్ని అందుకోవాలంటే దానికంటే ముందు మన్నింపును అందుకోవాలి. తెలుగులో మన్నన, మన్నింపు ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆదరించడానికీ తప్పు కాయడానికీ ‘మన్నించు’ అన్న ఒకే క్రియ సరిపోతుంది. రచయిత పెత్ర్ యార్ఖోవ్‌స్కీ కథ అంతా ఆ రెండు అర్థాల నడుమనే నడిచిందని నాకు అనిపిస్తుంది.

గోదారి గట్టు:
‘చావు’ పాఠానికి ఒక పెద్ద అడ్డంకి ఉన్నది. అవతలివాడికి సిగ్గు ఉంటేనే మేలు అతణ్ణి చంపుతుంది. అదే చిత్రంలో కాఫ్కా అనే పాత పోలీసు అధికారి ఉన్నాడు; చేసినదాని గురించి అతడు ఏ పశ్చాత్తాపమూ లేకుండా కెమెరా ముందు మాట్లాడతాడు. అతడికి మేలు చేసి పొమ్మంటే నిశ్చింతగా ఇంటికి పోయి పడుకుంటాడు. యోసెక్‌కు వర్తించి కాఫ్కాకు వర్తించని పాఠాన్ని నీతిగా ఎలా చెప్పగలం? ‘చాలు’ ఇద్దరికీ వర్తిస్తుంది, ఎందుకంటే అది చేసేవాడి హద్దును చెబుతున్నది, చేయించుకున్నవాడి మనసును కాదు.

భాగవత పాఠకుడు:
సుమతీశతకకారుడు ‘అపకారికి నుపకారము నెపమెన్నక’ చేయమన్నది ఇందుకే. నెపం అంటే తప్పు అనుకున్నా, కారణం అనుకున్నా, ఎదుటివాడికి సిగ్గు ఉన్నదా లేదా అని లెక్కవేయవద్దనే కదా.

కడప మాస్టారు:
నెపం అంటే అక్కడ తప్పే, కారణం కాదు. దానిపై వేరుగా చర్చించాలి.

పదశోధిని:
దానికంటే ముందు ‘పొసగ’ సంగతి చూడండి. తగినట్టుగా మేలు చేయడం అంటే ఎవరికి తగినట్టు? కాఫ్కాకు తగిన మేలు, యోసెక్‌కు తగిన మేలు ఒకటి కాకపోతే గోదారి గట్టు గారి అభ్యంతరం నిలవదు.

గోదారి గట్టు:
‘పొసగ’ యతి కోసం పడిన మాట. ‘పొమ్మను’తో కలవడానికి పొకారం కావలసి వచ్చింది, అంతకు మించి బరువు మోయదు.

పాఠాంతర ప్రియ:
దానికి నేను ఒప్పుకోను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వేమన ఉపన్యాసాలు చదివి పెరిగినవాళ్ళం, వేమన పద్యంలో ఒక మాటను పాదపూరణమని కొట్టివేసే ముందు ఆ మాట తీసివేసి చదివి చూడాలి. ‘మేలు చేసి పొమ్మనుట’ వేరు, ‘పొసగ మేలు చేసి పొమ్మనుట’ వేరు.