ఎత్తు బ్రిడ్జి ఎక్కేటప్పుడు సైకిల్ అంచున తొక్కాలా, కాస్త లోపలికి రావాలా?

అడిగినవారు: గంటస్తంభం లెక్కలు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఎత్తు బ్రిడ్జి అవతల ఉంటాం, గంటస్తంభం దగ్గర ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. రోజూ సైకిల్ మీదే వెళ్ళొస్తాను. మొదట్లో పెట్రోలు ఖర్చు చూసి మొదలుపెట్టాను గానీ ఇప్పుడు బండి ఇంట్లో ఉన్నా తీయబుద్ధి కావట్లేదు, పొద్దున్నే తొక్కుకుంటూ వెళ్తే రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది.

మొన్న సోమవారం జరిగింది చెప్తాను. తొమ్మిదింబావు అయి ఉంటుంది, బ్రిడ్జి ఎక్కుతున్నాను. సైకిల్ తొక్కేవాళ్ళకి తెలుసు, ఎక్కుడులో వేగం తగ్గేకొద్దీ హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా జానెడు అటో ఇటో జరుగుతాం. వెనకాల ఆటో ఒకటే హారన్. సరేలే అని పూర్తిగా ఎడమ అంచుకి జరిగాను. అక్కడ వానకి కొట్టుకొచ్చిన ఇసక మేట వేసుంది, వెనక చక్రం జారింది. అదే సమయానికి ఆటోకీ నాకూ మధ్య సందులోంచి ఒక బైకు దూరింది. దాని అద్దం నా హ్యాండిల్ చివర తగిలి, తగిలించుకున్న క్యారేజీ ఊడి రోడ్డు మీద పడింది. అన్నం ఒకవైపు, పప్పు ఒకవైపు. బైకతను ఆగలేదు, వెనక్కి తిరిగి "పక్కకి తొక్కుకోలేవా ఏటి" అని అరిచి వెళ్ళిపోయాడు. ఇంకా పక్కకి ఎక్కడికి పోవాలి, నేనున్నదే గోడ పక్కన.

నాకు దెబ్బ తగల్లేదు. కానీ ఆ మాట రెండు రోజులు బుర్రలోంచి పోలేదు. ఆగింది ఒక్కడే, క్యారియర్ మీద తాపీ, గమేలా కట్టుకుని పనికి పోతున్న మేస్త్రీ. సైకిల్ దిగి, దొర్లిపోయిన మూత తీసుకొచ్చి చొక్కాతో తుడిచి ఇచ్చాడు. ఏమీ మాట్లాడలేదు, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా ప్రశ్న. అంచున పోతే ఇసక, గాజుపెంకులు, డ్రైనేజీ జాలీలు, పైగా చోటుంది కదా అని అందరూ ఆనుకుని దాటేస్తున్నారు. కాస్త లోపలికి వస్తే హారన్లు, తిట్లు. రోజూ తొక్కేవాళ్ళు ఏం చేస్తున్నారు? ఇంట్లో మా ఆవిడ బండి తీయమంటోంది. నాకు సైకిల్ వదలాలని లేదు.

——

జవాబు: పాత బట్వాడా

బాబూ, నేను తపాలా శాఖలో బట్వాడా చేసి రిటైరయ్యాను. నెల్లిమర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిల్ మీద తిరిగినవాణ్ణి, ఇప్పటికీ మార్కెట్‌కి సైకిలే. నువ్వు చేసిన తప్పేమీ లేదు గానీ, ఆ అంచుకి జరగడం మాత్రం మానుకో. అంచు నుంచి రెండు మూరలు వదిలి తొక్కు. అప్పుడు వెనకాలవాడికి రెండే దారులుంటాయి, ఆగి రావడం, లేకపోతే పూర్తిగా కుడికి తిప్పి దాటడం. నువ్వు అంచున ఉంటే మూడో దారి నువ్వే ఇచ్చినట్టు, సందులోంచి దూరిపోతాడు. ఇంకోటి, రెండు మూరలు వదిలితే ఎవడైనా మరీ దగ్గరికొచ్చినప్పుడు పక్కకి జరగడానికి నీకూ చోటుంటుంది. అంచున ఉన్నవాడికి జరిగే చోటేది?

కానీ ఒక లెక్క పెట్టుకో. ఆ రెండు మూరలు ఎక్కుడు మొదలవకముందే తీసుకోవాలి. మధ్యలో వెనకాల హారన్ వినబడ్డాక జరగకూడదు. ముందే తల తిప్పి చూసి, కుడి చెయ్యి చాపి, మెల్లగా జరిగి, ఇక గీత గీసినట్టు తిన్నగా పోవాలి. ఆగివున్న కార్ల పక్కన ఒకసారి లోపలికి, ఖాళీ కనపడగానే ఒకసారి బయటికి, ఇలా పాములా పోతే ఎంత మంచి డ్రైవరైనా మనల్ని అంచనా వేయలేడు. ఆగివున్న కారుకి తలుపు తెరుచుకునేంత దూరం ఎప్పుడూ ఉంచు. చింతలవలస వైపు ఒకసారి కారు తలుపు తగిలి పడ్డాను, మణికట్టు ఇప్పటికీ చలికాలంలో లాగుతుంది.

ఊపిరి అందక హ్యాండిల్ మరీ ఊగుతుంటే దిగి నడిపించుకో, అందులో నామోషీ ఏమీ లేదు. సంచి నిండా ఉత్తరాలతో నేను చాలా ఎక్కుళ్ళు నడిచే ఎక్కాను.

——

జవాబు: కాంప్లెక్స్ ఆటో

అన్నా, నేను ఆటో తోలుతాను, ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్ దగ్గర స్టాండు. మొన్నటి ఆటో నాది కాదు గానీ నాదే అయ్యుండొచ్చు కూడా, అందుకే రాస్తున్నాను. ఎక్కుడులో ఆరుగురు జనంతో వస్తున్నప్పుడు వేగం ఒకసారి పడిపోతే బండి మళ్ళీ అందుకోవడం చాలా కష్టం. అందుకే దూరం నుంచే హారన్ కొడతాం. వస్తున్నామని చెప్పడానికే కొడతాం, నీ మీద కోపంతో కాదు. కానీ మా అబ్బాయి సైకిల్ తీసుకుని ఒకరోజు నేనే బ్రిడ్జి ఎక్కాను, వెనకాల హారన్ వింటే గుండె ఝల్లుమంది, చెయ్యి దానంతటదే పక్కకి తిరిగిపోయింది. ఆ రోజు నుంచి ఎక్కుడులో సైకిల్ కనబడితే దూరంలో ఒక్కసారి చిన్నగా కొట్టి ఊరుకుంటున్నాను.

మా ఆటోల గురించి సైకిల్ వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. జనం ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఎడమకి కోసేస్తాం, అది మా తప్పే, కాదనను. కానీ ఆటో నెమ్మదిస్తుంటే ఎడమ పక్కనుంచి మాత్రం దాటకండి. ఆ వైపు అద్దం చాలా ఆటోలకి ఉండదు, ఉన్నా అందులో లోపల కూర్చున్నవాళ్ళ మోకాళ్ళే కనిపిస్తాయి. వెనకాల నుంచి లోపలికి ఒక చూపు వెయ్యండి. ఎవరైనా సంచి సర్దుకుంటున్నా, జేబులో చెయ్యి పెడుతున్నా ఆ ఆటో పది గజాల్లో ఆగుతుందని లెక్క. దిగేవాళ్ళు కూడా వెనక్కి చూసుకోకుండా ఎడమకే దిగుతారు.

నువ్వు తల తిప్పి ఒక్కసారి నా వైపు చూశావనుకో, నేను వెంటనే యాక్సిలేటర్ వదిలేస్తాను. ఎందుకో చెప్పలేను గానీ అలాగే జరుగుతుంది.

——

జవాబు: బొబ్బిలి బండి

నేను బైకు మీద తిరిగేవాణ్ణి, కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఆ బైకతను చేసింది ముమ్మాటికీ తప్పు. కానీ సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు రాంగ్ రూట్లో ఎదురొస్తే ఏం చెయ్యాలి? మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర రోజూ చూస్తున్నాను, చుట్టూ తిరిగి రావాలని బద్ధకించి ఎదురుగా వచ్చేస్తారు. సైకిలే కదా, ఎవరేమంటారులే అని. నేను నలభైలో వస్తుంటే సెకనుకి 11 మీటర్లు పోతాను, ఎదురొచ్చే సైకిల్ ఇంకో నాలుగు మీటర్లు, మొత్తం పదిహేను. మలుపులో అకస్మాత్తుగా కనబడితే బ్రేక్ మీద కాలు పడేలోపే అయిపోతుంది. అదే నా ముందు నా దిక్కులోనే పోయే సైకిల్ అయితే ఏడు మీటర్లే దగ్గరవుతాం, చూసుకోవడానికి టైముంటుంది.

రాత్రిళ్ళు ఇంకా ఘోరం. బొబ్బిలి రోడ్డు మీద పోయిన ఏడాది ఒక పెద్దాయన్ని గుద్దబోయాను. లైటు లేదు, వెనక ఎర్ర బిళ్ళ కూడా లేదు, నల్ల కంబళి కప్పుకుని పోతున్నాడు. ఎదురుగా లారీ లైట్లు కళ్ళలో పడ్డాయి, మనిషి ఉన్నాడని తెలిసేసరికి నా ముందు చక్రం ఆయన మడ్‌గార్డ్ పక్కన ఉంది. ఆగాను, ఇద్దరికీ కాళ్ళు వణుకుతున్నాయి. ఆయన పొలానికి నీళ్ళు పెట్టడానికి పోతున్నాడట. తిట్టాలని నోరు తెరిచాను గానీ మా నాన్న వయసు, ఏమనగలను. మర్నాడు రిఫ్లెక్టర్ టేపు రెండు చుట్టలు కొన్నాను, యాభై అరవైతో పోయేది, అప్పటి నుంచి మా వీధిలో కనబడ్డ ప్రతి సైకిల్‌కీ అడిగి మరీ అంటిస్తున్నాను. వెనక మడ్‌గార్డ్‌కి ఒక ముక్క, రెండు పెడళ్ళకీ చెరో ముక్క. పెడల్ మీదది పైకీ కిందకీ కదులుతుంది కాబట్టి దూరం నుంచే సైకిల్ అని తెలిసిపోతుంది. దయచేసి అందరూ అంటించుకోండి.

——

జవాబు: నర్సింగ్ సెకండియర్

నేను అమ్మాయిని, నాకు ఇంకో రకం ఇబ్బంది. నా సైకిల్ తొమ్మిదో తరగతిలో ప్రభుత్వం వాళ్ళు ఆడపిల్లలకి బడికొస్తా పథకంలో ఇచ్చినదే, ఇప్పటికీ దాని మీదే కాలేజీకి వెళ్తున్నాను. బైకుల మీద కుర్రాళ్ళు కావాలని దగ్గరగా వచ్చి హారన్ కొట్టి, మనం తడబడితే నవ్వుకుంటూ పోతారు. వాళ్ళకి అదొక ఆట. ఒకసారి అలాగే అదిరిపడి బ్రేక్ వేస్తే చున్నీ గొలుసులో పడింది, మెడ దగ్గర బిగుసుకుంది. పక్కనే చెరకు రసం బండి నడిపే అక్క పరిగెత్తుకొచ్చి పెడల్ వెనక్కి తిప్పి తీసింది. ఆ పది సెకన్లు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అప్పటి నుంచి చున్నీ నడుముకి కట్టేస్తాను, గొలుసుకి కవరు వేయించాను. మేం ముగ్గురం కలిసి ఒకరి వెనక ఒకరు వెళ్తాం, అందరికన్నా వెనక ధైర్యంగా మాట్లాడే పిల్లని పెడతాం. పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పోవడం మాకూ ఇష్టమే, కానీ రోడ్డంతా మేమే ఆక్రమిస్తే మిగతావాళ్ళు తిడతారు, ఆ తిట్టు న్యాయమే. ఖాళీ సందుల్లో మాత్రం పక్కపక్కన పోతాం. నంబరు చూసి గుర్తుపెట్టుకుంటాం. ఒకసారి 112కి ఫోన్ చేశాను, పోలీసులు వచ్చి మాట్లాడారు, ఆ బండి మళ్ళీ ఆ దారిలో కనపడలేదు.

అన్నయ్యా, వదినగారు భయపడటంలో న్యాయముంది, కానీ బండి తీసినా ఆ బైకులు రోడ్డు మీదే ఉంటాయి కదా.

——

జవాబు: కోర్టు వీధి

పై మాటలన్నీ బాగున్నాయి, నేను చట్టం సంగతి రెండు ముక్కలు చెప్తాను, చాలామంది సైకిల్ వాళ్ళకి తెలియక నష్టపోతున్నారు. సైకిల్‌కి ఇన్సూరెన్స్ లేదు కదా, మనకేం వస్తుందిలే అనుకుంటారు. మనకి అక్కర్లేదు. గుద్దిన మోటారు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది రోడ్డు మీద పోయే మనలాంటి వాళ్ళ కోసమే. నంబరు ఉంటే ఎఫ్ఐఆర్ కట్టించి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయాలి, ఆరు నెలలు దాటకుండా వేసెయ్యడం మంచిది. నంబరు తెలియకుండా పారిపోయినా దారుంది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తారు. దానికీ ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు కావాలి. కాబట్టి "పోనీలే చిన్న దెబ్బే" అని ఇంటికి పోకుండా ముందు చూపించుకోండి, ఆ చీటీ దాచండి.

పడిపోయినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడేవాళ్ళకి కూడా. మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని ఒక సెక్షన్ ఉంది, సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కన నిలబడండి చాలు.

——

జవాబు: గంటస్తంభం లెక్కలు

అందరికీ పేరుపేరునా నమస్కారం. వారం చూసి రాద్దామని ఆగాను.

బట్వాడా గారు చెప్పినట్టు ఎక్కుడుకి ముందే రెండు మూరలు లోపలికి వచ్చి తిన్నగా తొక్కుతున్నాను. మొదటి రోజు వెన్నులో ఒకటే జంకు, వెనకాల ఏ శబ్దం విన్నా అంచుకి పోదామనిపించింది. మూడుసార్లు గట్టిగా హారన్ కొట్టారు. కానీ ఒక్కరు కూడా సందులోంచి దూరలేదు, అందరూ కుడికి తిప్పే దాటారు. మూడో రోజు నుంచి తల తిప్పి చూడటం మొదలుపెట్టాను. ఆటో తమ్ముడు చెప్పింది నిజం, చూడగానే వేగం తగ్గుతోంది, ఒక లారీ డ్రైవరైతే లోపల్నుంచి చెయ్యి ఊపి పొమ్మన్నాడు. కుడి హ్యాండిల్‌కి చిన్న అద్దం బిగించుకున్నాను. క్యారేజీ ఇప్పుడు క్యారియర్ మీద సంచిలో పెట్టి తాడుతో కడుతున్నాను. టేపు కూడా అంటించాను, బొబ్బిలి అన్నా. మా ఆవిడకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. నర్సింగ్ చెల్లెమ్మ రాసింది విని కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత హెల్మెట్ అయినా పెట్టుకోమంది, ఆదివారం కొంటాను.

శుక్రవారం ఆ మేస్త్రీ మళ్ళీ కనపడ్డాడు. ఇద్దరం బ్రిడ్జి దిగువన కలుసుకుని, ఆయన ముందు, నేను వెనక ఎక్కుతున్నాం. తొందరేం లేదు, నిదానంగా తొక్కు బాబూ అంటాడు.

ఇంకొకటి అడగాలి. వానల్లో దిగుడులో బ్రేక్ పట్టుకోవట్లేదు, నిన్న దాదాపు సిగ్నల్ దాటిపోయాను. ఏం చెయ్యాలి?

——

జవాబు: పాత బట్వాడా

రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది బాబూ. దిగుడు మొదలయ్యే ముందే బ్రేక్ మెల్లగా ఆనించి రెండు మూడు చుట్లు తిరగనివ్వు, నీళ్ళు తుడుచుకుపోతాయి, ఆ తర్వాత నొక్కితే పట్టుకుంటుంది. ముందుది ఒక్కటే గట్టిగా పట్టకు, రెండూ కలిపి పట్టు. జీబ్రా గీతల మీద, రోడ్డు మీద పరిచిన ఇనప రేకుల మీద బ్రేక్ వెయ్యకు, తిప్పకు. రబ్బర్ల మీద గాడి కనపడ్డం మానేసిందంటే బేగి మార్చేయ్, అరిగినదాంతో వానాకాలం గడపకు.