క్లోజ్ టు ది ఎడ్జ్ ఎల్పీ: 1972 మిక్స్ కొనాలా, విల్సన్ రీమిక్స్ కొనాలా?

గాడిరేఖ:
బ్రిటిష్ రాక్ బృందం యెస్ 1972 సెప్టెంబరులో విడుదల చేసిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆల్బమ్‌ను మొదటిసారి ఎల్పీగా (గ్రామఫోన్ రికార్డుగా) కొనాలనుకుంటున్నాను. ఆనాటి బ్రిటిష్ ప్రతికి ధర బాగా ఎక్కువ చెబుతున్నారు. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2013లో చేసిన రీమిక్స్ (పాత రికార్డింగులోని వాయిద్యాలను, గొంతులను కొత్తగా కలిపిన రూపం) 2018లో ఎల్పీగా కూడా వచ్చింది. అదే మేలని కొందరు, అది అసలు ఆల్బమే కాదని మరికొందరు అంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

షడ్జమం:
సందేహం లేకుండా రీమిక్స్ తీసుకోండి. విల్సన్ విడివిడి ట్రాకులున్న మూల టేపుల నుంచి పని చేశారు, కొత్తగా వాయిద్యాలేవీ చేర్చలేదు. మొదటి వైపంతా నిండే మొదటి పాట (ఆల్బమ్ పేరే దాని పేరు) తొలి నిమిషాల్లో స్టీవ్ హౌ గిటారు, క్రిస్ స్క్వైర్ బేస్, బిల్ బ్రూఫోర్డ్ డ్రమ్స్ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తే చోట పాత మిక్స్‌లో అన్నీ కలగాపులగమవుతాయి. రీమిక్స్‌లో ఎవరేం వాయిస్తున్నారో స్పష్టంగా తెలుస్తుంది.

మంద్రస్థాయి:
షడ్జమం గారు చెప్పిన స్పష్టత నిజమే, కానీ ఆ కలగాపులగమే అక్కడి సంగీత భావమని నా నమ్మకం. లండన్ అడ్విజన్ స్టూడియోలో బృందమూ, రికార్డింగ్ ఇంజినీరు ఎడీ ఆఫర్డూ ఈ పాటను చిన్న చిన్న భాగాలుగా రికార్డు చేసి, టేపు ముక్కలను అతికి నిర్మించారు. ఏ వాయిద్యం ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో తేల్చిన మిక్సింగ్ కూడా ఆ నిర్మాణంలో భాగమే కాబట్టి, దాన్ని విప్పి మళ్లీ పేర్చినప్పుడు ఎంత భక్తితో చేసినా మరొకరి నిర్ణయాలు అందులోకి వస్తాయి. కొత్తగా వినేవారు ముందు 1972 మిక్స్ వినడమే న్యాయం.

అయితే ఈ చర్చలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. 1972 మిక్స్ వేరు, 1972లో అచ్చయిన ప్రతి వేరు. అదే మిక్స్‌తో తర్వాతి కాలంలో వచ్చిన ముద్రణలు ఎన్నో ఉన్నాయి, వాటికి అంత ధర పెట్టనక్కరలేదు.

ఈ రికార్డు విషయంలో ముద్రణ సంవత్సరం కన్నా ప్రతి పరిస్థితే ముఖ్యం. పక్షుల కూతలతో, నీటి సవ్వడితో మొదలయ్యే మొదటి వైపు మళ్లీ అదే సవ్వడితో ముగుస్తుంది. బృంద గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ప్రేరణ హెర్మన్ హెస్ నవల ‘సిద్ధార్థ’ అనీ, అందులో నది పాత్ర ఎంతటిదనీ తెలిసినవారికి ఆ నీటి శబ్దం విలువ వేరే చెప్పనక్కరలేదు. గాడిలో చిటపటలుంటే ముందుగా దెబ్బతినేది ఆ నిశ్శబ్దపు చోట్లే.

మరో సంగతి, రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరిగినా, ముల్లు కింద గాడి కదిలే వేగం బయటి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లుంటే, లోపలి చివరి గాడుల్లో 20 పైచిలుకుకు పడిపోతుంది. పై స్థాయి స్వరాలు అక్కడ ఇరుకున పడతాయి. ఈ పాటలోని ‘ఐ గెటప్, ఐ గెట్ డౌన్’ భాగంలో, లండన్ సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో బృందపు కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ వాయించిన పైప్ ఆర్గన్ విరుచుకుపడే సమయానికే ముల్లు సగం దాటి ఉంటుంది. గొంతులన్నీ పతాక స్థాయికి చేరే చివరి భాగం ‘సీజన్స్ ఆఫ్ మ్యాన్’ ఇంకా లోపల ఉంది. పాత ప్లేయర్ల బరువైన ముల్లు కింద నలిగిన ప్రతిలో ఆ గొంతులు గరగరలాడతాయి.

షడ్జమం:
నా వాదనకు బలం అదే కదా! నలగని కొత్త రికార్డులో ఆ బాధ ఉండదు.

మంద్రస్థాయి:
కొత్త రికార్డు కావాలంటే పాత మిక్స్‌తోనే కొత్త ముద్రణ కొనవచ్చు, దానికోసం రీమిక్స్ అక్కరలేదు. పైగా ఈ వైపు 19 నిమిషాల లోపే. 24 నిమిషాలు దాటిన, జెనెసిస్ బృందపు ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్ రెండో వైపులా గాడులను మరీ ఇరికించాల్సిన, శబ్దాన్ని తగ్గించాల్సిన అవసరం ఇక్కడ లేదు. కాబట్టి ఎల్పీ మీద ఈ పాట చక్కగానే పలుకుతుంది.

గాడిరేఖ గారూ, పాత ప్రతే కావాలనుకుంటే డబ్బు చెల్లించే ముందు మొదటి వైపు తొలి నిమిషం, చివరి నాలుగు నిమిషాలు వినిపించమని అడగండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ ప్రతి వదిలేయండి. విల్సన్ రీమిక్స్ ఆ తర్వాత తీరికగా కొనుక్కోవచ్చు. అసలు మిక్స్ చెవికి పట్టాకే ఆయన ఏం మార్చారో, ఏం మార్చకుండా ఉంచారో తెలుస్తుంది.